పక్క మడిలో గోంగూర

సిల్వియాకి ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. పెళ్ళిచూపుల్లో కూడా కుర్చీ అంచున కూర్చుని కాళ్ళూపుతూనే ఉందని ఆల్విన్ ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు. అలాంటి పిల్ల, పెళ్ళయిన రెండో నెలలోనే పాలకొల్లు నుంచి కువైట్ వచ్చి, మహబూలాలో ఒక ఫ్లాట్‌లో ఒక గదిలో పడింది. మిగతా రెండు గదుల్లో మరో రెండు కుటుంబాలు. పొద్దున్నే ఆల్విన్ ఏసీ కంపెనీ చొక్కా తొడుక్కుని వ్యానెక్కాడంటే మళ్ళీ సాయంత్రం దాకా ఆ గదీ, ఆమే.

దిగులు పడిందా అంటే అదీ లేదు. వంటింటి కిటికీ దగ్గర మెడ ఓ పక్కకి వంచి నిలబడితే, రెండు భవనాల మధ్య సన్నటి చీలికలో సముద్రం కనిపిస్తుందని మొదటి వారంలోనే కనిపెట్టింది. ఫ్లాట్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళకే ఆ సంగతి తెలీదు. ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించింది. బీకామ్ చదివిన బుర్ర ఖాళీగా ఉండలేక, గదిలో మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చింది. మళ్ళీ మార్చింది.

"ఇంకోసారి జరిపావంటే రాత్రి నేను మంచం అనుకుని బీరువా ఎక్కుతాను" అన్నాడు ఆల్విన్.

"మరి నన్నేం చెయ్యమంటారండీ? గోడలు జరపడం కుదరదు కదా!"

ఆ మాట ఆల్విన్ తన పిన్ని సుందరమ్మ చెవిన వేశాడు. సుందరమ్మ మిష్రిఫ్‌లో ఒక పెద్ద విల్లాలో చాలా ఏళ్ళుగా వంట చేస్తోంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఒకప్పుడు బళ్ళో సైన్స్ టీచరు. ఉద్యోగం అయిపోయాక, విల్లా పక్కనున్న తన ఖాళీ స్థలాన్ని మడులుగా కొట్టించి, మట్టి తోలించి, గొర్రె ఎరువు కలిపించి, పండించుకోవాలన్న సరదా ఉన్నవాళ్ళకి తలా ఒక మడీ ఇచ్చింది. కువైటీ ఇరుగుపొరుగూ ఉన్నారు, ఫిలిప్పీన్స్ నర్సూ ఉంది, బయటి నుంచి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఖర్చు లేదు, కానీ షరతు ఉంది. ఒకరి మడిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే ఖలాస్, ఆ మడి వరసలో ఉన్న తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. పోయినేడు మామా సొంత తమ్ముడి భార్యే పక్కవాళ్ళ టమాటాలు కోసిందని ఆవిణ్ణి తీసేసింది.

"నా పూచీ మీద ఇప్పిత్తన్నాను పిల్లా" అంది సుందరమ్మ, మడి చూపించిన రోజు. "నా పేరు చెడగొట్టావంటే నిన్ను ఆ పందిరికే కట్టేత్తాను."

"అలాగే చిన్నత్తయ్యా, తాడు నేనే తెస్తాను" అని సిల్వియా ఆవిణ్ణి వాటేసుకుంది.

ఆ మడి ఆమెకి ఎంత ప్రాణమైందో చెప్పలేం. శుక్రవారం చర్చి అయ్యాక ఆల్విన్‌తో కలిసి వెళ్ళేది. మధ్యలో ఉండబట్టలేక, సాయంకాలం ఎండ తగ్గే వేళకి ఒక్కతే బస్సెక్కి వెళ్ళేది. కాస్త నేల, పైన ఆకాశం, కాళ్ళకి చెప్పులు లేకుండా నిలబడడానికి తడి మట్టి. ఆనప గింజలు పెట్టింది, బెండ పెట్టింది, ఓ మూల తోటకూర చల్లింది. మొలిచాయో లేదో అని మర్నాడే ఒక గింజని తవ్వి చూసి, మళ్ళీ కప్పి, దానికి క్షమాపణ చెప్పింది. మొలకొచ్చిన రోజు ఆల్విన్‌కి ఫోన్ చేసి "వచ్చేసింది, వచ్చేసింది!" అని అరిస్తే, ఎవరో చుట్టాలు దిగారనుకుని అతను నిచ్చెన మీంచి గబగబా కిందకి దిగాడు.

ఆమె మడి మీద చాలామందికి కన్నుంది. గోడ అవతలి విల్లాలో వంట చేసే హమీదా బీ అయితే దాచుకోను కూడా దాచుకోలేదు. ఆమెది రాయచోటి. పోయినేటి నుంచీ వరసలో ఉందట.

"నీ తర్వాత నేనే పాపా" అంది గోడ మీంచి తొంగిచూసి. "నువ్వెప్పుడు తప్పు చేస్తావా అని చూస్తాండా."

"చూస్తూనే ఉండండి. మెడ నొప్పెడుతుంది."

"నొప్పెడితే నూనె రాసుకుంటాలే. నాకేం తొందర!"

సిల్వియా మడికి ఆనుకునే, గోడ వారగా ఇంకో మడి ఉంది. దాని మనిషి సూడాన్ ఆవిడ, పేరు ఉమ్ ఇద్రీస్, అక్కని చూడ్డానికి ఈజిప్ట్ వెళ్ళింది అని సుందరమ్మ ఎప్పుడో అంది. నీళ్ళ గొట్టం దానంతటదే బొట్టుబొట్టుగా తడుపుతూ ఉండేది. అందులో ఏవో గుబురుగా ఉన్నాయని తప్ప సిల్వియా మొదట పట్టించుకోలేదు, నీడ కోసం కట్టిన పచ్చటి వల అడ్డం ఉండేది. అక్టోబరులో ఎండ తగ్గాక ఎవరో ఆ వల తీసేశారు. ఆ శుక్రవారం సిల్వియా వచ్చి చూసి, చేతిలో ఉన్న చిన్న పార కింద పడేసింది.

గోంగూర. ఎర్ర గోంగూర. నిలువెత్తు కాడలు, వేళ్ళు చాచినట్టు చీలికల ఆకులు, ఎర్రటి ఈనెలు. ఒక ఆకు నోట్లో వేసుకుంది. పులుపు దవడల్లోకి పాకి కళ్ళు మూసుకుపోయాయి.

"ఏవండీ! ఇటు రండి, గోంగూర! అయ్యయ్యో, ఎంత ముదిరిపోయిందో చూడండి. మొగ్గలు కూడా వేసేస్తోంది!"

తమ మడి దగ్గర గొట్టం అతుకు బిగిస్తున్న ఆల్విన్ లేచి వచ్చాడు. "మనది కాదుగా అది."

"మనది కాదు సరే. ఆవిడ ఊళ్ళో లేదు. ఎవరూ గిల్లేవాళ్ళు లేక ఇలా అయిపోయింది పాపం. ఇంకో వారం పోతే ఆకు పీచై పోతుంది. ఇప్పుడు చిగుళ్ళు గిల్లితే ఆవిడ వచ్చేసరికి మళ్ళీ గుబురుగా వస్తుంది."

"అడిగి గిల్లితే బాగుంటుందేమో."

"మా ఊళ్ళో గోంగూర గిల్లడానికి ఎవరైనా అడుగుతారా? గిల్లకపోతే అడుగుతారు, ఏం తల్లీ, మా గోంగూర ముదిరిపోతా ఉంటే చూస్తా ఊరుకున్నావేంటని."

ఆల్విన్ తల గోక్కున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ అంతే. కంచె మీంచి చెయ్యి పెట్టి గోంగూర గిల్లుకున్నవాళ్ళని దొంగలనరు, పెరడు చూసిపెట్టారంటారు. మామా షరతు సంగతి సిల్వియాకి గుర్తు లేక కాదు. అది టమాటాలకీ కాయలకీ గానీ, ముదిరిపోతున్న ఆకుకూరకి కూడా వర్తిస్తుందని ఆమెకి తట్టనే లేదు. సుందరమ్మని అడుగుదామంటే ఆ రోజు లోపల చుట్టాలు, ఆవిడకి తల ఎత్తే తీరిక లేదు.

సిల్వియా చున్నీ పరిచి, కూనిరాగం తీస్తూ, ఒక్క మొక్క కూడా వదలకుండా కొసలన్నీ గిల్లింది. మొగ్గలున్న కొమ్మలైతే ఇంకాస్త కిందకి తుంచింది, మొక్కకి బలం వస్తుందని. పనంతా అయ్యాక వెనక్కి జరిగి, మంగలి తన పని చూసుకున్నట్టు చూసుకుని మురిసిపోయింది. గోడకి అటు పక్క నుంచి హమీదా బీ కూడా చూసింది. నవ్వింది, అంతే.

మహబూలా ఫ్లాట్‌లో ఆ సాయంత్రం పండగైంది. విమానంలో వచ్చి వాడిపోయిన కట్టలు తప్ప తాజా గోంగూర చూసి ఎన్నాళ్ళో అయినవాళ్ళు, మూడు కుటుంబాలూ, వంటింట్లోనే నిలబడిపోయారు. ఒకామె వెల్లుల్లి ఒలిచింది, ఒకామె ఎండుమిరపకాయలు వేయించింది, ఘాటుకి అందరూ దగ్గారు, దగ్గుతూనే నవ్వారు. కింది అంతస్తు నుంచి ఎవరో తలుపు కొట్టి "ఏంటండీ ఆ వాసన, మాక్కూడా కాస్త" అని గిన్నె పట్టుకొచ్చారు. ఆల్విన్ మూడోసారి అన్నం పెట్టించుకుని, "నిన్ను చేసుకున్నందుకు ఇవాళ నాకు చాలా గర్వంగా ఉంది" అన్నాడు.

"ఇవాళేనా?"

"ముందు కూడా ఉంది. ఇవాళ నెయ్యి వేశావు."

సిల్వియా నూనె బాగా పోసి ఒక సీసా పచ్చడి విడిగా తీసి దాచింది. వచ్చే శుక్రవారం తోటలో అందరికీ పెట్టాలి. ఆ సూడాన్ ఆవిడ వచ్చేస్తే ఆవిడకి మొదట పెట్టాలి, ఆవిడ గోంగూరే కదా అని.

ఆవిడ వచ్చేసింది. తర్వాతి శుక్రవారం మడులవాళ్ళంతా ఎప్పటిలాగే పందిరి కింద తివాచీ పరుచుకుని, ఎవరు తెచ్చింది వాళ్ళు మధ్యలో పెట్టారు. ఉమ్ ఇద్రీస్ అప్పుడే గేటు దాటి లోపలికొచ్చింది. పొడగరి మనిషి, మోకాళ్ళ నొప్పో ఏమో ఒక కాలు ఈడుస్తోంది. ఒంటికి చుట్టి తల మీదుగా వేసుకున్న నారింజ రంగు పల్చటి బట్ట చూసి సిల్వియాకి ప్రాణం లేచొచ్చింది. అచ్చం చీరే, కుచ్చిళ్ళు లేవంతే!

"ఖాలా, రండి, కూర్చోండి" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఖుబ్జ్ రొట్టె తుంచి, దాని మీద పచ్చడి పెట్టి, నోటి దాకా అందించింది. ఆవిడ నమిలింది. కారానికి కళ్ళలో నీళ్ళొచ్చి, పకపకా నవ్వి, చేత్తో నోటికి విసురుకుంది. అందరూ నవ్వారు. అంతలో పులుపు తగిలినట్టుంది. నవ్వు ఆగిపోయింది. నాలుక మీద దాన్ని అటూ ఇటూ తిప్పి, "కర్కదే?" అంది.

"కర్కదే కాదు, గోంగూర, మా ఊరి కూర" అని అరబ్బీలో చెప్పబోయిన సుందరమ్మ సగంలో ఆగిపోయింది. ఆమె చూపు సీసా మీదికి, అక్కణ్ణుంచి సిల్వియా మీదికి, అక్కణ్ణుంచి గోడ వార మడి మీదికి వెళ్ళింది.

ఉమ్ ఇద్రీస్ లేచింది. కాలు ఈడ్చుకుంటూ తన మడి దాకా వెళ్ళి నిలబడింది. ఒక కాడ పట్టుకుని తుంచిన చోట బొటనవేలితో తడిమింది. పక్క కాడ. ఆ పక్క కాడ. సిల్వియా ఇంకా నవ్వుమొహంతోనే వెనకాల వెళ్ళి, "చూశారా ఖాలా, ఎంత బాగా గిల్లానో" అన్నట్టు చేత్తో చూపించింది.

ఆవిడ అరవలేదు. మెల్లగా ఏదో అంది. సుందరమ్మ దాన్ని తెలుగులో చెప్పింది.

"పువ్వు కోసం వేశానంటోందే. ఆ మొగ్గ కింద ఎర్రగా కండలా వత్తాది చూడు, అది ఎండబెట్టి కాచుకుని తాగుతారు. మా మామా కూడా తాగుద్ది. కర్కదే. ఎండిపోయిన పువ్వుల్ని వంటింట్లో రోజూ చూత్తానే ఉన్నాను గానీ, దాని మొక్క మన గోంగూరే అని నాకేం తెల్సు? నేను వంటింట్లోంచి ఈ మూలకి ఎప్పుడొచ్చాను కనక!"

"ఆకు?" అంది సిల్వియా. "ఆకు తినరా?"

"తినరంట. ఎవరైనా ఆకు తింటారా అని అడుగుతోంది."

సిల్వియా తన వేళ్ళకేసి చూసుకుంది. మొగ్గలున్న కొమ్మలన్నీ ఏరి మరీ తుంచింది తనే. ఉమ్ ఇద్రీస్ మళ్ళీ ఏదో అంది. ఈసారి సుందరమ్మ వెంటనే చెప్పలేదు. ఉమ్ ఇద్రీస్ వెళ్ళి బోర్లించిన బకెట్ మీద, అటు తిరిగి కూర్చున్నాక చెప్పింది.

"ఖార్తూమ్‌లో వాళ్ళమ్మ పెరట్లో విత్తనం అంట. ఈవిడ ఏటేటా కాయ ఎండబెట్టి మళ్ళీ విత్తనం తీసుకుంటాది. ఇప్పుడు అక్కడ యుద్ధం, ఆ ఇల్లు ఉందో లేదో కూడా తెలీదు. ఉన్న విత్తనమంతా ఈ మడిలోనే వేసేసిందంట. పువ్వు లేకపోతే కాయెక్కడిది, విత్తనమెక్కడిది?"

సిల్వియా అక్కడే మట్టిలో కూలబడింది.

"లే, ఏడవకు, అందరూ చూత్తన్నారు" అని సుందరమ్మ రెక్క పట్టుకుని లేపింది. "మామా సముద్రం ఒడ్డున ఉన్న ఇంకో ఇంటికెళ్ళింది, వచ్చే శుక్రవారం దాకా రాదు. ఆవిడకి ఈవిడ చెప్పిందంటే నీ మడి పోయింది, నా మాటా పోయింది. చెప్పకపోతే బతికిపోయాం. నువ్వు మాత్రం నోరు మూసుకుని ఉండు. నీకది కష్టం, తెల్సు. అయినా ఉండు."

ఆ వారం సిల్వియా గదిలో ఉండలేకపోయింది, తోటలోనూ ఉండలేకపోయింది. వంటింటి కిటికీ దగ్గరికెళ్తే ఇప్పుడు సముద్రం కనిపించినా చూడబుద్ధి కాలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. మంచం మళ్ళీ జరపబోయి సగంలో వదిలేస్తే, ఆల్విన్ వచ్చి గది మధ్యలో అడ్డంగా ఉన్న మంచాన్ని చూసి యథాస్థానంలో పెట్టాడు.

"ఫిర్యాదు చేస్తుందంటారా?"

"తెలీదు సిల్వీ."

"చేసేస్తే బాగుణ్ణు. కాదు, చెయ్యకూడదు. ఏవండీ, మడి పోతే నేనేం చెయ్యను? ఆనప తీగ పందిరెక్కింది, నిన్ననే మొదటి పిందె పడింది. మీరు చూడలేదు, చిటికెన వేలంత, నూగు నూగుగా ఉంది…"

"మళ్ళీ ఆవిడ దగ్గరికెళ్ళి మాట్లాడు."

"ఏ భాషలో?"

అయినా వెళ్ళింది. రోజూ వెళ్ళింది. ఉమ్ ఇద్రీస్ కూడా రోజూ వచ్చేది. బకెట్ మీద కూర్చుని, కాడల్ని చూస్తూ టీ తాగేది. సిల్వియాని తిట్టేది కాదు, పలకరించేదీ కాదు. ఒకరోజు సిల్వియా బస్సు దిగేచోట ఈజిప్ట్ వాళ్ళ కొట్లో ఎండు కర్కదే సంచి కనిపిస్తే కొని, పరుగున తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ మూతి విప్పి వాసన చూసింది. ఒక రేకని చేత్తో నలిపి చూసింది. తల అడ్డంగా ఊపి, మూతి కట్టి, తిరిగి ఇచ్చేసింది. లోపల విత్తనాలు లేవు. ఎండబెట్టేవాళ్ళు కాయ తీసేసి రేకలే ఎండబెడతారు.

గోడ మీంచి హమీదా బీ అంతా చూస్తూనే ఉంది.

"యాడ కొన్న్యావు పాపా? మంచి రంగుండాది."

"మీరేం సంతోషపడక్కర్లేదు."

"నేనెందుకు సంతోషపడతా? మిరప నారు మాత్రం పోసి పెట్టుకున్న్యా. అది నా అలవాటు."

"ఆ రోజు నేను గిల్లుతుంటే చూశారుగా. ఒక్క మాట చెప్పచ్చుగా!"

హమీదా బీ గోడ మీద మోచేతులు ఆనించింది. "నేనూ పుల్లకూరే, అదే మీ గోంగూరే అనుకున్న్యా మ్మా. నాకూ ఒక పిడికెడు ఇస్తావేమోనని నిలబడి చూస్తాంటి. నువ్వు తిరిగి కూడా చూడకుండా మూట కట్టుకోని పోతివి."

సిల్వియా చేతిలోని కర్కదే సంచి మూతి విప్పి, మళ్ళీ కట్టింది.

శుక్రవారం మామా తిరిగొచ్చింది. చర్చి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ సిల్వియా మంగళసూత్రంలోని సిలువని చప్పరిస్తూ కూర్చుంది. గేటు దగ్గరే సుందరమ్మ ఎదురొచ్చి చెవిలో చెప్పింది.

"పొద్దుట్నుంచీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, నేనే టీ ఇచ్చాను. ఈవిడ ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. అక్క సంగతి చెప్పింది, మోకాలి సంగతి చెప్పింది, అంతే. బతికిపోయాం. ఇక నువ్వు నీ మడి దగ్గరికెళ్ళి, తల దించుకుని, పని చేసుకో."

సిల్వియా తల దించుకుని వెళ్ళింది. నిజంగానే గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. ఆల్విన్ కళ్ళతోనే నవ్వాడు. తోటకూర దగ్గర కూర్చుని కలుపు తీస్తూ, తీసిన కలుపుని మళ్ళీ నాటేస్తున్నానని కాసేపటికి గమనించింది.

మామా టీ గ్లాసు పట్టుకుని మడులన్నీ చూసుకుంటూ వచ్చింది. నల్ల అబాయా, కాళ్ళకి తెల్లటి బూట్లు. గోడ వార మడి దగ్గర నిలబడి, గుండు కొట్టించుకున్నట్టున్న మొక్కల్ని చూసి కనుబొమ్మలు ముడిచింది. బకెట్ మీద ఉన్న ఉమ్ ఇద్రీస్ ఏదో ఒక్క మాట చెప్పింది. మామా తలూపి, ఇటు తిరిగింది. సిల్వియా మడిలోని ఆనప పందిరి కింద వంగి, వేలాడుతున్న పిందెని రెండు వేళ్ళతో తాకి చూసింది.

"కొత్తమ్మాయివి నువ్వేగా?" అంది మామా ఇంగ్లిషులో. "అన్ని మడుల్లోకీ నీదే ముచ్చటగా ఉంది. సుందరమ్మ మంచి మనిషినే తెచ్చింది."

తిట్టినా తట్టుకునేదేమో. ఆ మెచ్చుకోలు మాత్రం సిల్వియా తట్టుకోలేకపోయింది.

"మేడమ్, అది నేనే" అంది. ఆల్విన్ చెయ్యి పట్టుకుని లాగాడు, అయినా ఆగలేదు. "ఆ మొక్కలు తుంచింది నేనే. అడక్కుండా తుంచాను. ఆకుకూర అనుకున్నాను, మా ఊళ్ళో వండుకుంటాం. విత్తనం కోసం అని నాకు తెలీదు. సుందరమ్మత్తయ్యకి ఏమీ తెలీదు, ఆ రోజు ఆవిడ లోపల పనిలో ఉంది."

పందిరి కింద తివాచీ మీద ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వంటింటి గుమ్మంలో సుందరమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

మామా టీ గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నేనిప్పుడే అడిగాను. తనే కత్తిరించానంది ఆవిడ, ఈ ఏడు కొమ్మలు ఎక్కువ రావాలని."

సిల్వియా తిరిగి చూసింది. ఉమ్ ఇద్రీస్ బకెట్ మీద కూర్చునే, కళ్ళు గట్టిగా మూసుకుని, తల వెనక గోడకి ఆనించింది. ఇంగ్లిషు రాకపోయినా ఏం జరిగిందో ఆవిడకి అర్థమైపోయింది.

"ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అంది మామా నెమ్మదిగా. "కానీ ఇంతమంది ముందు నువ్వే చెప్పేశావు. ఇప్పుడు నేను విననట్టు ఎలా ఉండను? పోయినేడు మా తమ్ముడి భార్యని పంపించాను. మా ఇంటి మనిషి కోడలివని నిన్ను వదిలేస్తే, ఈ తోటలో నా మాటకి విలువేముంటుంది?" గ్లాసులో మిగిలిన టీ మట్టిలో పారబోసింది. "సుందరమ్మ మీద నాకేం కోపం లేదు. నీ మీద కూడా లేదు. కానీ మడి ఖలాస్."

ఆల్విన్ ఏదో చెప్పబోయాడు. సిల్వియాయే వద్దంది. ఏడుపొస్తోంది, దాంతో పాటే, వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్తోంది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకే తెలీలేదు.

మామా వెళ్ళిపోగానే ఉమ్ ఇద్రీస్ లేచి వచ్చి సిల్వియా ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, వారం రోజులుగా అనని మాటలన్నీ ఒక్కసారే అంది. సుందరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఒక్క మాట కూడా దాచకుండా, ఇష్టంగా చెప్పింది.

"మొక్క నాది, కోపం నాది, మధ్యలో ఆవిడకెందుకు చెప్పావంటోంది. నేనెలాగో సర్దుకున్నాను కదా, నీ నోరు కాసేపు ఆగలేదా అంటోంది. నేనూ అదే అడుగుతున్నానే! ఆగదా? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు దానికి తలుపు పెట్టించలేదా?"

"ఆవిడ అబద్ధం చెప్పిందని నాకెలా తెలుస్తుంది చిన్నత్తయ్యా?"

"తెలీదు కాబట్టే నోరు మూసుకోమన్నాను!"

మర్నాడే హమీదా బీ మిరప నారు పట్టుకుని వచ్చేసింది. మడి అప్పగించడానికి సిల్వియా కూడా రావాల్సొచ్చింది. ఏ వైపు నీళ్ళు నిలబడతాయో, గొట్టం అతుకు ఎక్కడ కారుతుందో చూపించింది. పందిరి దగ్గరికొచ్చేసరికి ఆనప తీగ కొసని వేలికి చుట్టుకుని ఆగిపోయింది.

"సొరతీగ పీకనులే మ్మా" అంది హమీదా బీ. "బాగా పట్టుకోనుండాది. కాయలు మాత్రం నావి. నా మడిలో కాసేవి నావి కాకుండా పోతాయా?"

"ఒక్కటైనా…"

"అడిగితే ఇస్తా. అడిగి తీసుకో. గిల్లుకోని పోవద్దు."

నవ్వాలో ఏడవాలో తెలీక సిల్వియా గేటు వైపు నడిచింది. గోడ దగ్గర నుంచి "యల్లా" అని రమ్మనే కేక వినిపించింది. ఉమ్ ఇద్రీస్ బకెట్ మీద కూర్చునే, చేతిలో నీళ్ళ గొట్టం ఎత్తి చూపిస్తోంది. తన మోకాలు చూపించింది, మొక్కల్ని చూపించింది, ఆ తర్వాత సిల్వియాని చూపించింది. దానికి సుందరమ్మ అవసరం లేకపోయింది.

అలా సిల్వియా మళ్ళీ రోజూ రావడం మొదలుపెట్టింది. మడి ఆమెది కాదు. ఒక మూల జానెడు చోటిస్తే కొత్తిమీర వేసుకుంటానని సైగలతో అడిగితే ఆవిడ "లా" అని తల అడ్డంగా ఊపింది, అంతే. నీళ్ళు పట్టాలి, కలుపు తీయాలి, మొక్క కొసల మీద చెయ్యి వెయ్యకూడదు. చెయ్యి అటు వెళ్ళిందంటే బకెట్ మీద నుంచి పుల్లతో మణికట్టు మీద ఒకటి పడేది. ఆల్విన్ నవ్వాడు. "మంచిదే, జీతం లేని ఉద్యోగం దొరికింది" అన్నాడు. ఆమె అతన్ని గిల్లింది. గిల్లడానికి ఇప్పుడు అతనే మిగిలాడు.

తుంచిన చోట పక్కల నుంచి కొత్త కొమ్మలొస్తున్నాయి. అయినా సిల్వియాకి నిలకడ లేదు. చలి ముదిరేలోగా మొగ్గ వేస్తుందా? వేసినా కాయ పండుతుందా? బస్సులో అదే ఆలోచన, వంటలో అదే ఆలోచన. ఉమ్ ఇద్రీస్‌ని అడగడానికి మాటలు రావు, అడిగినా ఆవిడకి మాత్రం ఏం తెలుసు? ఇంతవరకూ ఎవరూ ఆవిడ మొక్కల్ని ఇలా గిల్లి ఉండరు.

ఆ సాయంత్రం నీళ్ళు పడుతూ, ఆకు చంకలో ఏదో చూసింది సిల్వియా. వంగింది. ఇంకా వంగింది. చెయ్యి వెయ్యకుండా, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళింది. పెసరగింజంత పచ్చటి ముడి, దాని అంచున గీత గీసినట్టు సన్నటి ఎరుపు. పక్క కొమ్మలో ఇంకొకటి.

"ఖాలా! ఖాలా!"

ఉమ్ ఇద్రీస్ గోడ పట్టుకుని లేచి వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీంచి దింపుకుని, సిల్వియా భుజం మీద బరువు మోపి, చాలాసేపు చూసింది. తర్వాత ఏదో అంది, గట్టిగా, గబగబా. సిల్వియా ఆవిడ మొహంలోకి చూసింది. తిడుతోందా, సంతోషిస్తోందా, ఇంకా చాలవని చెబుతోందా, ఏమీ పోల్చుకోలేకపోయింది. వంటింట్లో సుందరమ్మ కుక్కరు కూతలు వేస్తోంది, పిలిచినా వినిపించదు. భుజం మీద చెయ్యి మాత్రం ఇంకా తీయలేదు, కాబట్టి సిల్వియా కదలకుండా, జీవితంలో మొదటిసారి కాస్తయినా కదలకుండా, అలాగే నిలబడిపోయింది.

"ఓ మ్మా!" అని పక్క నుంచి హమీదా బీ కేకేసింది. "ఆ గొట్టం ఆపుతావా లేదా? నీళ్ళన్నీ గట్టు తెగి నా మిరప మీదికొస్తాండాయి!"